చర్చిలో డౌట్ అడిగితే ప్రేయర్ చేసి పంపించేశారు, నాలాంటోళ్ళు వైజాగ్‌లో ఇంకెవరైనా ఉన్నారా?

గాజువాక_బ్యాక్‌బెంచ్

అందరికీ వందనాలు. మాది గాజువాక, పుట్టినప్పట్నుంచి చర్చే, సండే స్కూల్లో కంఠత వాక్యాలకి ప్రతి ఏడూ ఫస్ట్ ప్రైజ్ నాదే, ఇంట్లో ఇంకా ఆ స్టీలు గ్లాసులు ఉన్నాయి. ఇప్పుడు 24, దువ్వాడ వైపు ఉద్యోగం.

పోయిన నెల యూత్ మీటింగ్‌లో ప్రశ్నల టైమ్ అని పెట్టారు, ఏదైనా అడగొచ్చు అన్నారు, నేను నిజంగానే అడిగేశా, అక్కడే వచ్చింది గొడవంతా. మూడు అడిగా. ఒకటి ఇస్కరియోతు యూదా, డబ్బుకి యేసుని పట్టిచ్చినవాడు. మత్తయి 27లో ఉరి పెట్టుకున్నాడని ఉంది, అపొస్తలుల కార్యములు 1లో తలకిందులుగా పడి పొట్ట పగిలిందని ఉంది, ఆ డబ్బుతో పొలం కూడా ఒకచోట యాజకులు కొన్నారు ఇంకోచోట వాడే కొన్నాడు. రెండోది లూకా 2లో సిరియా అధిపతి కురేనియ అప్పుడు జరిగిన జనసంఖ్య. మత్తయి ప్రకారం యేసు పుట్టినప్పుడు రాజు హేరోదు, ఆయన చనిపోయింది క్రీ.పూ. 4 అంటారు, కురేనియ లెక్కలు రాయించింది క్రీ.శ. 6 అంటారు, మరి యేసు పుట్టినప్పుడు ఇద్దరూ ఎలా ఉన్నారు. మూడోది మార్కు 16లో చివరి 12 వచనాలు పాత ప్రతుల్లో లేవంటున్నారు, నిజమేనా అని.

మా లీడర్ అన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇవన్నీ యూట్యూబ్ ప్రశ్నలు, ప్రశ్న కాదు దాని వెనక ఏ ఆత్మ ఉందో చూడాలి" అని, అందర్నీ లేపి నా చుట్టూ నిలబెట్టి తల మీద చేతులు పెట్టి సందేహపు ఆత్మని గద్దించారు. నేనేమో మధ్యలో కళ్ళు మూసుకుని ఏం చెయ్యాలో తెలీక చివర్లో ఆమెన్ కూడా అన్నా. నేను ఇంటికెళ్ళేలోపే అమ్మకి ఫోన్ వెళ్ళిపోయింది. అమ్మ అన్నం తినలేదు ఆ రోజు.

అప్పట్నుంచి చర్చికి వెళ్తున్నా గానీ వెనక బెంచీలో కూర్చుని ప్రసంగంలో తప్పులు లెక్కపెట్టడమే పని. మొన్న ఒక ఆంటీ ఆటోలో పోయిన గొలుసు ప్రార్థన వల్ల దొరికిందని సాక్ష్యం చెప్తుంటే నేనూ నా ఫ్రెండూ ఫోన్లో నవ్వే స్టిక్కర్లు పంపుకున్నాం. ఓపెన్‌గా చెప్పాలంటే అందరూ గొర్రెలే, బుర్ర పెట్టి ఆలోచించేవాడు ఒక్కడు లేడు. సందేహం ఉంటే విశ్వాసం లేనట్టేనా? ఇది దాటి వచ్చినవాళ్ళు చెప్పండి. "దేవుడే లేడు" బ్యాచ్, "నరకానికి పోతావ్" బ్యాచ్ దయచేసి ఆగండి.

ప్రేయర్_వారియర్_9

ప్రైజ్ ది లార్డ్ బ్రదర్. యాకోబు 1:6 చదవండి, సందేహించువాడు గాలిచేత రేపబడి యెగిరిపడు సముద్ర తరంగమును పోలియుండును. అంతే, దీనికి పెద్ద చర్చ అక్కర్లేదు. ఫోన్ పక్కన పెట్టి మూడు రోజులు ఉపవాసముండండి, ఈ ప్రశ్నలన్నీ వాటంతటవే పోతాయి. అన్యుల వీడియోలు చూడటం ఆపండి.

లాజిక్_గురూ

ఆగమన్నావ్ కాబట్టి చిన్నగానే చెప్తా. పదేళ్ళ కింద బయటికొచ్చేశా, ఇప్పుడు ఆదివారం పొద్దున ఆర్‌కే బీచ్, సాయంత్రం మురీ మిక్చర్, మనసు ప్రశాంతం. మూడు ప్రశ్నలకే మంత్రం వేసినోళ్ళు నాలుగోది అడిగితే ఏం చేస్తారో ఆలోచించుకో. లైట్ తీస్కో బాసూ, అంతా ఒకటే కంపెనీ.

ఫుట్‌నోట్_పిచ్చోడు

నీ మూడు ప్రశ్నలూ మంచివే తమ్ముడూ, ఏదీ యూట్యూబ్ పుట్టించింది కాదు. చివర్నుంచి వస్తా.

మార్కు 16:9-20 గురించి నువ్వు విన్నది నిజమే. నాలుగో శతాబ్దపు రెండు పెద్ద గ్రీకు ప్రతులు, సీనాయి ప్రతి, వాటికన్ ప్రతి, రెండిట్లోనూ మార్కు 8వ వచనంతో ఆగిపోతుంది, స్త్రీలు భయపడి ఎవరితోనూ ఏమీ చెప్పలేదు అన్న చోట. ఇది ఎవడో చర్చిని పడగొట్టడానికి కనిపెట్టిన సంగతి కాదు, యూసేబియస్, జెరోమ్ లాంటి చర్చి తండ్రులే దాదాపు 1600 ఏళ్ళ కింద రాసి పెట్టారు. ఇంగ్లీషు ఎన్.ఐ.వి. బైబిల్ తెరిస్తే అక్కడ గీత గీసి నోట్ ఉంటుంది, బైబిల్ అచ్చువేసిన వాళ్ళే దాచలేదు మరి మనమెందుకు దాస్తున్నామో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పాముల్ని పట్టుకుంటారు, విషం తాగినా ఏమీ కాదు అన్న మాటలు ఉన్నది ఆ 12 వచనాల్లోనే, కాబట్టి తెలుసుకుని చదవడం ప్రాణానికి కూడా మంచిది.

కురేనియ లెక్క కష్టమైనది. క్రీ.శ. 6 అనేది జోసీఫస్ అనే యూదు చరిత్రకారుడు రాసినదాన్ని బట్టి వస్తుంది. లూకా అక్కడ పొరబడ్డాడని చాలామంది స్కాలర్లు అంటారు, "మొదటి" అన్న గ్రీకు మాటని "అంతకు ముందు" అని చదువుకోవాలని కొందరు అంటారు, ఇంకోసారి కూడా లెక్కలు జరిగి ఉండొచ్చని ఇంకొందరు. నేను అన్నీ చదివా, ఏదీ నాకు పూర్తిగా అతకలేదు. యూదా గురించి తాడు తెగి కింద పడ్డాడు అన్నది పాతకాలం నుంచి చెప్పే సర్దుబాటు, కుదరొచ్చు, కానీ పొలం ఎవరు కొన్నారన్నది దాంతో తేలదు. సర్దుబాటు బాగుందనిపిస్తే తీసుకో, లేకపోతే ఇద్దరు రాసినవాళ్ళకి రెండు రకాల వివరం అందిందని ఒప్పుకో, ఆకాశం ఊడి పడదు.

పైన బ్రదర్ యాకోబు 1:6 చెప్పారు, సంతోషం. ఒక్క వచనం పైకి వెళ్ళండి బ్రదర్. 1:5లో జ్ఞానం తక్కువైనవాడు దేవుణ్ణి అడగాలి, ఆయన "ఎవనిని గద్దింపక" ఇస్తాడు అని ఉంది. అడిగినవాణ్ణి దేవుడు గద్దించడంట, గాజువాకలో మాత్రం గద్దించి పంపారు. బెరయ అనే ఊరివాళ్ళయితే సాక్షాత్తూ పౌలు చెప్పినదాన్ని కూడా ఆలాగున్నదో లేదో అని రోజూ చెక్ చేసుకున్నారు, దానికి వాళ్ళని ఘనులు అన్నారు, అపొస్తలుల కార్యములు 17:11.

ఇంకోటి, వైజాగ్ వాళ్ళం కాబట్టి చెప్తున్నా. 1805లో లండన్ మిషన్ నుంచి క్రాన్, డెగ్రాంజెస్ అని ఇద్దరు మన ఊరికే వచ్చి దిగారు, ఇక్కడ కూర్చునే తెలుగు నేర్చుకుని ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తలు తెలుగులోకి మార్చడం మొదలెట్టారు. 1809లో ఒకాయన 1810లో ఇంకొకాయన పోయారు, 1812లో సేరంపూర్‌లో మత్తయి, మార్కు, లూకా అచ్చయితే చూడ్డానికి ఇద్దర్లో ఎవరూ లేరు. ఆ తర్వాత ఎన్నిసార్లు దిద్దారో. ఈ మాట సరైందా కాదా అని ఒక్కో మాట దగ్గర జుట్టు పీక్కున్న మనుషుల వల్ల నీ చేతిలోకి ఆ పుస్తకం వచ్చింది, నువ్వు అడిగితే మాత్రం ఆత్మ పట్టిందా?

నా సంగతి కూడా చెప్తా. ఆంధ్రా యూనివర్సిటీలో పీజీ చేసేటప్పుడు నేనూ ఇలాంటి ప్రశ్నలు జేబులో పెట్టుకుని తిరిగేవాణ్ణి, ఎవరైనా కాస్త చదువుకున్న పాస్టరు గారు సమాధానం మొదలెడితే సగంలోనే ఇంకో ప్రశ్న వేసేవాణ్ణి, ఎందుకంటే సమాధానం దొరికితే నాకు పని ఉండదు కదా. ఆయనొకసారి "బాబూ, దీనికి సరైన జవాబు దొరికితే నీ జీవితంలో ఏం మారుద్ది?" అని మామూలుగానే అడిగారు. నేను కోపంగా లేచొచ్చేశా. ఏం మారాలో నాకు బాగా తెలుసు గనకే ఆ కోపం.

నైట్‌డ్యూటీ_అక్క

పోస్టంతా చదివా తమ్ముడూ, నాకు యూదా కన్నా కురేనియ కన్నా ఆ గొలుసు ఆంటీ దగ్గర ఆగింది మనసు. ఆవిడ గురించి నీకేం తెలుసు? ఆ గొలుసు ఏంటో, ఎలా పోయిందో, ఎలా దొరికిందో కనుక్కున్నావా? మార్కు 16కి పాత ప్రతుల దాకా వెళ్ళావ్, ఆవిడకి ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు, డైరెక్ట్‌గా స్టిక్కర్ వేసేశావ్. మీ లీడర్ నిన్ను ఏం చేశాడో నువ్వు ఆవిడ్ని అదే చేశావ్ అనిపించింది, ఆయన చేతులు పెట్టాడు నువ్వు ఫోన్ తీశావ్ అంతే తేడా. కోపం రావద్దు.

నేను నర్సుని. మంచం మీద ఉన్న మనిషి దగ్గరకొచ్చి "నీ విశ్వాసం చాల్లేదమ్మా, అందుకే తగ్గట్లేదు" అని చెప్పి ఆపిల్స్ ఇచ్చి వెళ్ళిపోయేవాళ్ళని చూశా. "మీ దేవుడేం చేస్తున్నాడు ఇప్పుడు" అని అదే మంచం దగ్గర నవ్వే స్టాఫ్‌నీ చూశా. ఇద్దరికీ పేషెంటు కనపడదు. ఇద్దరూ తమకి ముందే తెలిసిందే చెప్పడానికి వస్తారు.

తోమాని మనం అనుమానం మనిషి అని పేరెట్టేశాం గానీ, లూకా 24:11లో స్త్రీలొచ్చి సమాధి ఖాళీగా ఉందని చెప్తే మిగతా అపొస్తలులందరికీ అవి వెర్రిమాటల్లాగే అనిపించాయంట. ఆడవాళ్ళ మాట నమ్మనివాళ్ళకి ఏ పేరూ లేదు, ఒక్క తోమాకే వచ్చింది. యేసుని చూశామని మిగతావాళ్ళు చెప్తే తోమా నమ్మలేదు, అయినా ఎనిమిది రోజుల తర్వాత కూడా వాళ్ళతోనే ఉన్నాడు, వాళ్ళు గెంటలేదు, ఆయనా తలుపు వేసుకుని వెళ్ళిపోలేదు. నాకు ఆ ఎనిమిది రోజులు ఆ గదిలో ఏం మాట్లాడుకున్నారో తెలుసుకోవాలని ఉంటుంది. యూదా పత్రికలో (ఇస్కరియోతు కాదు, ఇంకో యూదా) సందేహపడువారిమీద కనికరము చూపుడి అని ఒక చిన్న వచనం ఉంది, 22. మీ లీడర్‌కి పంపించు కావాలంటే, కానీ సాగదీసి పంపకు.

గాజువాక_బ్యాక్‌బెంచ్

అక్కా ఆ స్టిక్కర్ మాట గట్టిగా తగిలింది. సమాధానం ఏం రాయాలో తెలీక రెండుసార్లు టైప్ చేసి చెరిపేశా. ఫుట్‌నోట్ అన్నా, థాంక్స్, కానీ "జవాబు దొరికితే ఏం మారుద్ది" అన్నది మాత్రం ఎస్కేప్ ప్రశ్న లాగే ఉంది నాకు, అడిగినదానికి ముందు జవాబు చెప్పి తర్వాత అది అడగాలి కదా.

ఫుట్‌నోట్_పిచ్చోడు

కరెక్టే. ఆయన నాకు ముందు జవాబు చెప్పే అడిగారు, నేను వినలేదు అంతే.

కంచరపాలెం_తాత

బాబూ, మా మనవరాలు ఈ పేజీ చూపించింది, ఆవిడే టైపు చేస్తాంది నేను చెప్తన్నాను, తప్పులుంటే ఆవిడవి. నేను సంఘ పెద్దని, పోర్టులో పన్జేసి రిటైరయ్యాను. నా గొడవ ఒకటుంది, ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు, పేరు తెలీదు కదా అని ఇక్కడ చెప్తన్నాను.

హుద్‌హుద్ గుర్తుందా, 2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ రోజు ఆరాధన లేదు, ఎవరింట్లో వాళ్ళం తలుపులకి మంచాలు అడ్డమెట్టుకుని కూర్చున్నాం. మాది రేకుల ఇల్లు అప్పటికి. పొద్దున్నుంచి ఒకపక్క నించి కొట్టింది గాలి, మధ్యాహ్నం ఒక్కపాలి ఆగిపోయింది, ఆగిపోయిందనుకుని జనం బయటికొచ్చారు కూడాను, అది తుఫాను కన్ను అని మాకేం తెలుసు, మళ్ళీ ఎదురుపక్క నించి మొదలెట్టింది చూడు. మేం ఇంటిల్లిపాదీ మోకాళ్ళ మీదే ఉన్నాం. మా రేకు ఒక్కటి కదల్లేదు. పక్కింటివాళ్ళది మొత్తం లేచిపోయింది, వాళ్ళు మన చర్చివాళ్ళు కాదు.

రెండు వారాల తరవాత కరెంటొచ్చి చర్చి మామూలయ్యాక నేను సాక్ష్యం చెప్పాను. "ప్రార్థించిన ఇంటి రేకు కదల్లేదు, ప్రభువుని ఎరగని ఇంటి రేకు నిలవలేదు" అని. హల్లెలూయా అని ఒకటే చప్పట్లు. తరవాత ఆ సాక్ష్యం ఊరంతా తిరిగింది, వేరే సంఘాల్లో కూడా పిలిచి చెప్పించారు, నేను ప్రతిసారీ కొంచెం పెంచి చెప్పేవాణ్ణి.

నిజం ఏటంటే మా ఇంటికి ఒక పక్కన మూడంతస్తుల మేడ, రెండో పక్కన గొడౌను గోడ. గాలి ఏ పక్క నించి వచ్చినా మాకు అడ్డం. పక్కింటోళ్ళకి అడ్డం లేదు. అది నాకు ఆ రోజే తెలుసు. ఇంకో సంగతి, మా చర్చి రేకులు కూడా ఆ తుఫానుకే లేచిపోయాయి! దానికి మాత్రం ఎవరం లెక్క కట్టలేదు, చందాలు పోగేసి కొత్తవి ఏసుకున్నాం.

మొన్నీమధ్య లూకా 13 చదూతుంటే సిలోయము గోపురం కాడ ఆగిపోయాను. అది పడి 18 మంది చచ్చిపోతే, వాళ్ళు యెరూషలేములో అందరికన్నా పాపిష్టోళ్ళనుకుంటన్నారా, కాదు అని ప్రభువే చెప్పాడు. ఎన్నిసార్లు చదివానో ఆ అధ్యాయం. యోబు స్నేహితులూ అంతే, దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకుని ఎంత మాట్లాడారో, చివరికి 42వ అధ్యాయంలో దేవుడు వాళ్ళ మీదే కోప్పడ్డాడు, ఎదురడిగిన యోబు సరిగ్గా మాట్లాడేడన్నాడు. నేను దేవుడికి మంచి పేరు తెద్దామని అబద్ధం ఆడేను బాబూ, పేరొచ్చింది మాత్రం నాకు.

నువ్వు ప్రశ్న అడిగినందుకు మీవాళ్ళు ఎందుకు కంగారు పడ్డారో నాకు తెలుసు. నాలాంటి పెద్దాళ్ళకి ప్రశ్న అంటే భయం, ఒకటి లాగితే ఏది కూడా ఊడొస్తాదో అని. నా రేకుల సాక్ష్యాన్ని ఆ రోజు నీలాంటోడు ఒకడు "తాతా మేడ ఏ పక్కన ఉంది" అని అడిగుంటే ఆడ్ని నేనూ గద్దించేవాణ్ణే.

అడగాల్సింది ఏటంటే, ఇప్పుడు ఇన్నేళ్ళకి లేచి నిలబడి చెప్పాలా? చెప్తే ఉన్న నలుగురు కుర్రోళ్ళ విశ్వాసం కూడా పోతాదేమో.

లాజిక్_గురూ

తాతగారూ, ఇలాంటి పోస్టు ఇక్కడ చదువుతానని అనుకోలేదు, రెండుసార్లు చదివా. కానీ ఒక మాట. మేడ వల్ల రేకులు నిలబడ్డాయని ఒప్పుకున్నారు, అక్కడిదాకా వచ్చి ఆగిపోయారు. మిగతా సాక్ష్యాలకి కూడా ఎక్కడో ఒక మేడ ఉంటుంది కదా, దేవుడు అసలెందుకు మధ్యలో?

కంచరపాలెం_తాత

ఉండొచ్చు బాబూ. నీ ప్రశ్నకి నా దగ్గర గట్టి జవాబు లేదు. మేడ కట్టినోడు ఒకడుంటాడని నేననుకుంటాను, నువ్వు అనుకోవు. కానీ నిన్నొకటి అడుగుతాను, పదేళ్ళయింది బయటికొచ్చి అన్నావ్, ఈ పదేళ్ళలో నీ మాట తప్పేమో అని ఒక్కసారైనా పుస్తకం తెరిచి చూశావా? నేను ముప్పయ్యేళ్ళు చూళ్ళేదు, అందుకే అడుగుతన్నాను.

లాజిక్_గురూ

లేదు. కానీ మీరు నా మీద టాపిక్ తిప్పేశారు, పాయింట్ అలాగే ఉంది 🙂

ప్రేయర్_వారియర్_9

తాతగారూ చెప్పకండి. మీరు చెప్తే లోకస్థులు నవ్వుతారు. ఇంకో మాట, నేను పైన గట్టిగా రాశానని అందరూ అనుకుంటున్నారు. మా తమ్ముడు ఇలాగే చిన్న ప్రశ్నలతో మొదలెట్టాడు, అమ్మ చనిపోతే సమాధి కార్యక్రమానికి చర్చి గేటు బయటే నిలబడ్డాడు, లోపలికి రాలేదు. ఆ బ్రదర్ పోస్టు చూడగానే నాకు వాడే కనిపించాడు. అందుకే అలా రాశా.

నైట్‌డ్యూటీ_అక్క

బ్రదర్, సారీ, అది తెలీదు. తమ్ముడు గేటు దాకా వచ్చాడు కదా మరి. ఇప్పుడు మాట్లాడతారా మీరిద్దరూ?

తాతగారూ, చర్చిలో తర్వాత సంగతి. ముందు పక్కింటివాళ్ళకి చెప్పండి, మీరు మైకులో చెప్పింది వాళ్ళ గురించే కదా.

ప్రేయర్_వారియర్_9

పండక్కి మెసేజ్ పెడతాడు. నేను వాక్యం పంపిస్తా. అంతే.

గాజువాక_బ్యాక్‌బెంచ్ (వారం తర్వాత)

అప్‌డేట్ ఇస్తా అన్నాను కదా, లేదు అనలేదనుకుంటా, ఏదైతే అది. గొలుసు ఆంటీతో మాట్లాడా. మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటుంటే "ఆంటీ ఆ రోజు సాక్ష్యం సరిగ్గా వినలేదు, మళ్ళీ చెప్తారా" అన్నా, అది కూడా సగం అబద్ధమే. ఆ గొలుసు అదే రోజు తాకట్టు విడిపించి తెచ్చుకుంటున్నారంట, కొడుకు ఫీజు కోసం రెండేళ్ళు కుదువలో ఉంది. ఆటోలో సీటు సందులో పర్సు జారిపోయింది. ఆవిడ రెండు రోజులు గాజువాక జంక్షన్‌లో ఆటో స్టాండ్లన్నీ తిరిగారంట, ప్రతి డ్రైవర్నీ అడుగుతూ, మూడో రోజు ఆ డ్రైవరే ఈవిడ వెతుకుతున్నారని తెలిసి తెచ్చిచ్చాడు. మరి ప్రార్థన వల్ల దొరికిందని ఎందుకన్నారు అని అడిగేశా, ఆగలేకపోయా. ఆవిడ ఏం కోప్పడలేదు, "ఆడు ఇవ్వకపోయినా ఎవరడుగుతారు బాబూ, మూడు తులాలు" అన్నారు.

దాంతో నాకు నమ్మకం వచ్చేసిందని కాదు. ఆ డ్రైవర్ మంచోడు అంతే అని ఇప్పటికీ అనుకోవచ్చు. కానీ ఆవిడ నాకన్నా ఎక్కువ వెతికింది, అది మాత్రం నిజం. నేను గొర్రె అన్న మనిషి రెండు రోజులు ఎండలో తిరిగింది. ఫ్రెండ్‌కి చెప్తే "నిన్ను కూడా మార్చేశారా" అన్నాడు. లీడర్ అన్న ఇంకా సరిగ్గా పలకట్లేదు, ఆయన సంగతి ఆయనది. అమ్మ మాత్రం తింటోంది 🙂

కురేనియ ఇంకా తెగలేదు అన్నా.

ఫుట్‌నోట్_పిచ్చోడు

నాకూ తెగలేదు. శనివారం సాయంత్రం ఖాళీయేనా? ఆర్‌కే బీచ్‌లో కాళీమాత గుడి ఎదురుగా ఇసుకలో కూర్చుందాం, జోసీఫస్ ఇంగ్లీషు కాపీ తెస్తా. నువ్వే చదివి చూసుకో, నా మాట తీసుకోకు.

కంచరపాలెం_తాత

నేనూ రావొచ్చా? ఇసుకలో కూచోలేను, మోకాళ్ళు. గోడ మీద కూచుంటాను. పక్కింటాయనకి చెప్పేశాను అమ్మా. నవ్వేడు. "ఆ మేడ సంగతి మాకు అప్పుడే తెలుసండి, మీ మైకు మా ఇంట్లోకి వినపడతాది కదా" అన్నాడు. ఇన్నేళ్ళూ రోజూ గుమ్మంలో పలకరించేడు, ఒక్కనాడూ అనలేదు. చర్చిలో ఇంకా చెప్పలేదు. ధైర్యం చాల్లేదు.

లాజిక్_గురూ

కాళీమాత గుడి ఎదురుగా బైబిల్ స్టడీ ఆ, ఇది వైజాగ్‌లోనే అవుతుంది. నేనూ వస్తా, మురీ మిక్చర్ డబ్బులు నావి. నా తల మీద మాత్రం ఎవరూ చెయ్యి పెట్టొద్దు, ముందే చెప్తున్నా.